హవల్దార్ సాబ్ సరిచేసిన పేరు

మొన్న మంగళవారం పొద్దున లాల్‌గడి మలక్‌పేట్ నుంచి ఒక పెద్దాయన చనిపోయిన బర్రె ఇన్సూరెన్సు కాగితాలు పట్టుకుని మా పశువుల దవాఖానకు వచ్చాడు. వాటిని ఏ ట్రంకు పెట్టె అడుగునో దాచినట్టున్నాడు. కవరు విప్పి నా బల్ల మీద పరచగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. బర్రె చెవి బిళ్ళ నంబరు చూడాల్సినదాన్ని ఒక నిమిషం అలాగే కూర్చుండిపోయాను. "ఏమైంది మేడం, కాయితం తక్కువున్నదా?" అని ఆయన కంగారుగా అడిగాడు. ఏమీ తక్కువ లేదని చెప్పి పని మొదలుపెట్టాను. కానీ ఆ రోజంతా మేడ్చల్ బస్టాండు వెనక సందులోని ఒక రేకుల గది, ఆ గదిలో కలరా ఉండల వాసన వేసే ఆకుపచ్చ ట్రంకు పెట్టె, దాని పక్కన ఇనుప కుర్చీలో నిటారుగా కూర్చున్న ఒక బక్కపలచని మనిషి నా కళ్ళ ముందు నుంచి కదలలేదు.

ఆయన పేరు సత్తయ్య. సైన్యంలో గుమాస్తాగా పనిచేసి, హవల్దారుగా రిటైరై, సొంత ఊరు అత్వెల్లికి వచ్చి రెండెకరాలు సాగు చేసుకునేవారు. మాజీ సైనికులు చందాలు వేసుకుని అద్దెకు తీసుకున్న ఆ రేకుల గదిలో వారానికి మూడు రోజులు, పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా కూర్చునేవారు. చుట్టుపక్కల ఊళ్ళలో సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్ళు, సర్వీసులో చనిపోయినవాళ్ళ భార్యలు, వాళ్ళ పిల్లలు ఆయన దగ్గరికి వచ్చేవారు. పింఛను కాగితాలు ఉండేవి గానీ ఎక్కువగా వచ్చేవి పిల్లల చదువుల గురించే. ఎవరికి స్కాలర్‌షిప్ వస్తుంది, ఏ కాలేజీలో సైనికుల పిల్లలకు సీట్లు ఉంటాయి, ఏ దరఖాస్తుకు ఏ కాగితం జతచేయాలి అన్నది ఆ చుట్టుపక్కల ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. అందరూ హవల్దార్ సాబ్ అనేవారు. నేను మాత్రం మొదటి నుంచీ సార్ అనే పిలిచాను.

నేను ఆయనను మొదట చూసింది ఇంటర్ అయిపోయిన వేసవిలో. మాది శామీర్‌పేట్. చేపలు పట్టుకుని బతికే ఇల్లు. మా నాయిన మల్లేశ్ ఆ పని వదిలి పంతొమ్మిదేళ్ళకే సైన్యంలో చేరాడు. నేను నాలుగో తరగతిలో ఉండగా, ఎక్కడో ఉత్తరాన చలి ప్రాంతంలో డ్యూటీలో ఉన్నప్పుడు జ్వరం తలకెక్కి మూడు రోజుల్లో పోయాడు. యుద్ధం లేదు, తుపాకి మోగలేదు. జెండా కప్పిన పెట్టెలో వచ్చాడు. అప్పటి నుంచి అమ్మకు వచ్చే పింఛను, నాయినను కన్న అవ్వ అమ్మే చేపలు, వీటి మీదే ఇల్లు నడిచింది. నాకు పశువైద్యం చదవాలని ఉండేది. ప్రవేశ పరీక్షలో వచ్చిన ర్యాంకు మామూలు సీటుకు చాలదు. సైనికుల పిల్లలకు కొన్ని సీట్లుంటాయనీ, సర్వీసులో పోయినవాళ్ళ పిల్లలకు వాటిలో ముందు వరస ఉంటుందనీ మా కాలేజీలో ఒక మేడం చెప్పింది. దానికి సర్టిఫికెట్ కావాలి. ఎవరినో అడిగితే, మేడ్చల్‌లో హవల్దార్ సాబ్‌ను కలవమన్నారు.

అమ్మ యాదమ్మ, నేను వెళ్ళేసరికి ఆయన ముందు బెంచీ మీద ఇద్దరు కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చాక మా సంచిలోని కాగితాలన్నీ తీసుకుని, ఒక్కొక్కటే పైకి చదవడం మొదలుపెట్టారు. ఏ కాగితమైనా ఎదుటి మనిషికి వినపడేలా మొత్తం చదివాకే కలం పట్టడం ఆయన అలవాటు. నాయిన పేరు, నంబరు, చేరిన రోజు, పోయిన రోజు. అమ్మ తల ఊపుతూ వింటోంది. కుటుంబ సభ్యుల దగ్గరికి వచ్చేసరికి ఆగారు.

"బిడ్డ ఒక్కతేనా చెల్లె?"

"ఒక్కతే సార్."

"మరి ఈ పోచమ్మ ఎవరు?"

నేను తల దించుకున్నాను. పోచమ్మ నేనే. నేను పుట్టినప్పుడు అవ్వ మొక్కుకుని పెట్టిన పేరు అది. నాయిన వెంటనే ఆ పేరు రాసి యూనిట్‌కు పంపాడు. అక్కడి రికార్డులో కూతురు పోచమ్మ అని ఎక్కింది. ఆ తర్వాత అమ్మ నన్ను బడిలో వేయడానికి తీసుకువెళితే, "ఇంగ్లీష్ మీడియం పిల్లకు ఈ పేరేంటమ్మా" అని హెడ్ టీచరు నవ్వి, తనకు తోచిన స్వప్న అనే పేరు రాసేసింది. పదో తరగతి మెమో, ఇంటర్ మార్కులు, ఆధార్, అన్నిట్లో స్వప్నే. బడిలో పోచమ్మ అనే పేరు ఎవరికీ తెలియకుండా నేను జాగ్రత్తపడేదాన్ని. ఇంట్లో అవ్వ, ఫోనులో నాయిన మాత్రం పోచీ అని పిలిచేవారు. ఆయన పోయాక ఆ పేరు అవ్వ నోట్లో మాత్రమే మిగిలింది.

అమ్మ ఇదంతా చెప్పింది. ఆయన కాగితాలు సర్ది మళ్ళీ సంచిలో పెట్టారు. "గిది చిన్న లోపం గాదు చెల్లె. ఆఫీసుల వాళ్ళు రికార్డు సూస్తరు. రికార్డుల స్వప్న లేదు. మల్లేశ్‌కు ఆ పేరున్న బిడ్డ ఉన్నట్టు వాళ్ళకు తెల్వదు. సర్టిఫికెట్ ఇయ్యరు. వాళ్ళ తప్పు లేదు." కౌన్సెలింగుకు అప్పటికి ఐదు వారాలే ఉంది. రికార్డు ఆఫీసుకు ఉత్తరం రాసి పేరు సరిచేయించాలనీ, అది ఐదు వారాల్లో అయ్యే పని కాకపోవచ్చుననీ ఆయన దాచకుండా చెప్పారు. ఆ రోజే అఫిడవిట్ నమూనా రాసిచ్చారు. రికార్డు ఆఫీసుకు మొదటి ఉత్తరం కూడా ఆ రోజే వెళ్ళింది.

పది రోజులైనా జవాబు రాలేదు. మా మేనమామకు ఓపిక నశించింది. పేట్ బషీరాబాద్‌లో కాగితాలు చేయించి పెట్టే ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. అందరం కలిసి రేకుల గదికి వెళ్ళాం. సత్తయ్య సార్ చేత్తో ఒక ఉత్తరం రాయిస్తే పని గట్టిగా ఉంటుందని వాళ్ళ ఆలోచన. ఆ వచ్చినాయన తెల్ల చొక్కా వేసుకుని, ఫోను చూసుకుంటూనే మాట్లాడాడు.

"సింపుల్ సార్. రికార్డుల ఉన్న పోచమ్మ చిన్నప్పుడే సచ్చిపోయింది. తర్వాత పుట్టిన బిడ్డ స్వప్న. నాయిన పరేషాన్ల పేరు ఎక్కియ్యలే. ఒక డెత్ సర్టిఫికెట్, ఒక బర్త్ సర్టిఫికెట్. నాలుగు రోజుల్ల నేను తెస్త. మీరొక లెటర్ రాయిండ్రి, అంతే."

సార్ కోపం తెచ్చుకోలేదు. నా వైపు తిరిగి, "బిడ్డా, లేసి నిలబడు" అన్నారు. నిలబడ్డాను. ఆయన ఆ మనిషిని అడిగారు: "గీమె ఎవరు?"

"స్వప్న."

"పోచమ్మ ఏది?"

తెల్ల చొక్కా ఆయన ఫోను మీంచి తల ఎత్తాడు.

"బతికున్న పిల్లను ఎదురుంగ కూసోబెట్టుకోని సచ్చిపోయిందని రాయమంటున్నవు. మల్లేశ్ తన చేతులతోని రాసి పంపిన పేరు అది. ఆయన లేడు. వద్దనేటందుకు రాలేడు. నా చేతితోనైతే నేను రాయ."

మామ గట్టిగా మాట్లాడబోయాడు. అమ్మ ఆపింది. "తప్పని నాకూ తెల్సు సార్," అంది, గొంతు తగ్గించి. "కానీ పిల్ల సదువు పోతది. నాకున్నది గిదొక్కతే."

"నీ బిడ్డ చెల్లె, నిర్ణయం నీది. నేను నీ తొవ్వకు అడ్డం రాను, ఎవరికీ చెప్ప కూడ చెప్ప. ఒక్కటి యాదుంచుకో. రేపు నీ బిడ్డకు నౌకరి వస్తది. అప్పుడు ఎవరన్న గీ కాయితాలు పక్కపక్కన పెట్టి సూస్తే, నిలబడి జవాబు చెప్పాల్సింది ఈమెనే. గీయన రాడు."

ఇంటికి వచ్చాక అమ్మ అవ్వకు విషయం చెప్పింది. అవ్వ చేపల గంప కడుగుతూ అంతా విని, "నా పోచి సచ్చిందని రాస్తరా? మీ ఇంట్ల నేను అన్నం తినను" అని చెప్పి, మళ్ళీ గంప కడుక్కుంది. మరునాడు అమ్మ మామకు ఫోన్ చేసి వద్దని చెప్పింది. మామ ఆరు నెలలు మా గడప తొక్కలేదు.

నాకు మాత్రం ఆ గొప్పతనం ఏదీ కనిపించలేదు. పదిహేడేళ్ళ పిల్లకు కనిపించేది సీటు ఒక్కటే. సర్టిఫికెట్ల పరిశీలన రోజు ఉన్న కాగితాలతోనే వెళ్ళాం. అఫిడవిట్, బడి నుంచి తెచ్చిన ఉత్తరం, అవ్వ వాంగ్మూలం అన్నీ సత్తయ్య సార్ వరసగా కుట్టి ఇచ్చారు. అక్కడి అధికారి మర్యాదగానే చూశాడు. అన్నీ చదివాడు. "నువ్వు మల్లేశ్ గారి అమ్మాయివి కాదని నేను అనట్లేదమ్మా. ఆ మాట రికార్డు నుంచి రావాలి. సరిచేయించుకుని వచ్చే ఏడు రా" అన్నాడు. బయట వేపచెట్టు కింద సార్ నిలబడి ఉన్నారు. ఆయన అడగకముందే అన్నాను, అమ్మ చేయి పట్టి ఆపుతున్నా వినకుండా.

"మీ నిజాయితీకి నా సీటు పోయింది సార్. మీకేం పోయింది?"

పెద్దవాళ్ళను అలా అనడం అదే మొదటిసారి. "నిజమే బిడ్డా. నేను చూపించిన తొవ్వ దూరం. నీ ఏడాది నా వల్లనే పోయింది. దాన్ని నేను తిరిగి తేలేను" అన్నారు. తనను తాను సమర్థించుకుంటారనీ, నాకు నీతులు చెబుతారనీ అనుకుని ఇంకా అనడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాను. పెద్దవాళ్ళు తమ వల్ల జరిగిన నష్టాన్ని ఇలా పేరు పెట్టి ఒప్పుకోగలరని నాకు అంతవరకు తెలియదు. అయినా కోపం పోలేదు. ఇంటికెళ్ళి మూడు రోజులు గడప దాటలేదు.

నాలుగో రోజు ఆయన పాత మోపెడ్ మీద శామీర్‌పేట్ వచ్చారు. గుమ్మం దగ్గరే నిలబడి, "ఏడాది ఇంట్ల కూసుంటే మనసు పాడైతది. నువ్వు పరీక్షకు మళ్ళ సదువు. వారంల రెండు రోజులు గదికి రా. ఇంగ్లీష్ రాసేటోళ్ళు లేక నా పని ఆగుతాంది" అన్నారు. వెళ్ళనని చెప్పాను. అమ్మ పంపింది. మొదటి రోజు మొహం ముడుచుకునే కూర్చున్నాను. ఆయన అదేమీ పట్టించుకోలేదు. నా ముందు ఒక దరఖాస్తు పెట్టి, ఎదురుగా కూర్చున్న ఆమెను చూపించి, "ఆమెను అడుగుకుంట రాయి" అన్నారు.

ఆమె భర్త కాలు పోయి సైన్యం నుంచి ఇంటికి వచ్చిన మనిషి. కూతురికి స్కాలర్‌షిప్ కోసం వచ్చింది. నేను పేరు రాసి, పుట్టిన తేదీ దగ్గర ఆమె తడబడుతుంటే విసుక్కుని ఏదో ఒకటి రాసేశాను. సార్ కాగితం తీసుకుని పైకి చదివారు. పుట్టిన తేదీ వినగానే ఆమె, "వానాకాలంల పుట్టింది సార్, జనవరి గాదు" అంది. నా చెవులు వేడెక్కాయి.

"తెల్వనిది ఖాళీగ వదిలిపెట్టు," అన్నారు సార్ నెమ్మదిగా. "ఖాళీ ఉంటే ఎవరో ఒకరు అడుగుతరు, అప్పుడు నింపుకోవచ్చు. తప్పు రాస్తే ఇగ ఎవరూ అడగరు. అదే నిజమైపోతది." నా పేరు రికార్డులో లేకపోయినా బాధే, తప్పుగా చేరినా బాధే అని నాకు ఆ రోజు మొదటిసారి అర్థమైంది. ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, బడి కాగితం తెచ్చేదాకా ఆ గడి ఖాళీగా వదిలేశాను.

ఆ ఏడాది నేను ఎందరిని చూశానో. కొడుకు హాస్టల్ ఫీజు మాఫీ కోసం వచ్చిన తండ్రి, తనకు చదువుకోవాలని ఉందని చెప్పడానికి సిగ్గుపడి తమ్ముడి కోసం అడుగుతున్నట్టు అడిగిన ఒక వితంతువు. ఆమెకు ముప్పై ఏళ్ళు దాటాయి. సార్ ఆమె మాటలు విని, "తమ్ముని పేరేంది?" అని అడిగారు. ఆమె చెప్పలేకపోయింది. "ఈమె పేరు రాయి బిడ్డా," అని నాతో అని, ఆమెతో, "సైనికుల భార్యలకు కూడ సదువుకునేటందుకు సాయమున్నది. దీంట్ల సిగ్గు పడేది ఏం లేదు" అన్నారు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. సార్ కోపిష్టి కూడా. కాగితం నలిపి తెచ్చినవాళ్ళను చెడామడా తిట్టేవారు. మధ్యాహ్నం ఒంటిగంట దాటితే ఎంత బతిమాలినా ట్రంకు తెరిచేవారు కాదు. కానీ ఎదుటివాళ్ళు అడగడానికి భయపడుతున్నదేమిటో ఆయనకు ముందే వినపడేది.

రికార్డు ఆఫీసుకు మా ఉత్తరాలు వెళుతూనే ఉన్నాయి. వచ్చే జవాబు ఒక్కటే: అఫిడవిట్ చాలదు, సైనికుడు బతికి ఉండగా ఇచ్చిన ఆధారం కావాలి. బతికి లేని మనిషి నుంచి ఆధారం ఎక్కడి నుంచి వస్తుంది? మూడో ఉత్తరం అలాగే వచ్చినప్పుడు నేను కాగితం బల్ల మీద పడేశాను. సార్ దాన్ని రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి నా వైపు తిరిగారు.

"నువ్వు ప్రైవేటు బడిల సదివినవు గదా. ఫీజు ఎవరు కట్టిన్రు?"

"నాయిన పంపేటోడు."

"ఫౌజీలకు పిల్లల సదువు కోసం పైసలిచ్చే పద్ధతి ఉన్నది. బడిల నుంచి రసీదు, సదువుతున్నట్టు కాయితం తెచ్చి అర్జీ పెట్టుకోవాలె. నేను ఇసొంటివి ఎన్ని రాసిన్నో లెక్క లేదు. మల్లేశ్ పెట్టి ఉంటే, ఆ అర్జీల బడిల ఉన్న నీ పేరు రాయక తప్పదు." అమ్మను అడిగితే, నాయిన ప్రతి వేసవి బడి కాగితాలు పోస్టులో పంపమనేవాడని గుర్తుచేసుకుంది. ఎందుకో ఆమెకు తెలియదు. పాత బిల్లులు సాధారణంగా కొన్నాళ్ళకు తీసేస్తారనీ, సర్వీసులో పోయినవాళ్ళ కాగితాలు మాత్రం ఒక్కచోట కట్టి పెట్టే అలవాటు కొన్ని యూనిట్లలో ఉంటుందనీ సార్ అన్నారు. ఆశ పెట్టుకోవద్దని కూడా అన్నారు. ఈసారి రికార్డు ఆఫీసుతో పాటు నాయిన చివరగా పనిచేసిన యూనిట్‌కు కూడా రాశాం. ఆ ఉత్తరం ఇంగ్లీషులో నేనే రాశాను. ఆయన ఐదుసార్లు తిరగరాయించారు.

జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పటికి చలికాలం పోయి ఎండలు మొదలయ్యాయి. సార్ దాన్ని విప్పకుండా, మోపెడ్ మీద తెచ్చి అమ్మ చేతికిచ్చారు. అమ్మ నాకిచ్చింది. లోపల ఒక ముందు ఉత్తరం, దాని కింద ఒక ఫోటోస్టాట్ కాగితం. చదువు ఖర్చుల అర్జీ. నాయిన పోవడానికి నాలుగు నెలల ముందు పెట్టింది. పిల్ల పేరు దగ్గర ఇంగ్లీషు పెద్ద అక్షరాలతో, కొంచెం వంకరగా, స్వప్న అని ఉంది. కింద ఖాళీ స్థలంలో మూడు వాక్యాలు ఆయన చేతిరాతలో ఉన్నాయి. వాటి అర్థం ఇది: రికార్డులో పోచమ్మగా ఉన్న నా కూతురు బడిలో స్వప్న పేరుతో చదువుతోంది. ఇద్దరూ ఒకరే. ఈసారి సెలవులో ఇంటికి వెళ్ళినప్పుడు కాగితాలు తెచ్చి పేరు సరిచేయించుకుంటాను.

నేను చదివాను. సార్ తెలుగులో అమ్మకు చెప్పమన్నారు. రెండో వాక్యాన్ని రెండుసార్లు చెప్పాను. నాయినకు బడిలోని నా పేరు తెలియదనే నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఆయన పిలిచిన పిల్ల, నేను ఆ తర్వాత అయిన పిల్ల వేరువేరు మనుషులనీ, ఈ రెండో పిల్లను ఆయన ఎన్నడూ చూడలేదనీ నా లోపల ఎక్కడో ఉండిపోయింది. ఆయన ఆ ఇద్దరినీ ఒక్క వరసలో రాసి సంతకం పెట్టి వెళ్ళాడు. ఆ సెలవు మాత్రం ఆయనకు దొరకలేదు. అమ్మ కాగితాన్ని తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ మూడు వరసల మీద వేలు పెట్టి అటు నుంచి ఇటు జరిపింది. అవ్వ దూరం నుంచే, "నేను అప్పుడే జెప్పలేదా?" అంది. సార్ మంచినీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పని సాఫీగా సాగింది. రికార్డులో పోచమ్మ పక్కన స్వప్న చేరింది. రెండో ఏడు నా ర్యాంకు మొదటిదానికంటే కొంచెం వెనకే ఉంది, అయినా సర్వీసులో పోయినవాళ్ళ పిల్లల వరసలో నాకు పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. పరిశీలనలో పోయినేడు కూర్చున్న అధికారే కూర్చున్నాడు. కాగితం చూసి, "ఇది ఎలా దొరికింది?" అని అడిగాడు. మా నాయిన రాసి పెట్టాడని చెప్పాను. బయటికి వచ్చి సార్ కాళ్ళకు మొక్కబోతే ఒప్పుకోలేదు. "పోయినేడు నువ్వు అడిగిన మాటకు నా దగ్గర ఇంకా జవాబు లేదు. మంచిగ సదువు" అన్నారు.

కాలేజీ సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడల్లా రేకుల గదికి వెళ్ళేదాన్ని. ఉద్యోగం వచ్చాక నెలకోసారి అయింది. మూడేళ్ళ కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి చేయి పడిపోయింది, మాట కొంచెం ముద్దగా వచ్చేది. అత్వెల్లిలో ఇంటికి వెళితే మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆయన భార్య అంజమ్మ అత్తమ్మ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, గొంతు తగ్గించి నన్ను దగ్గరికి రమ్మన్నారు.

"ఒక దరఖాస్తు రాయాలె బిడ్డా. నాది."

ఏం దరఖాస్తని అడిగాను. ఆయన కిటికీ వైపు చూస్తూ చెప్పారు. పెళ్ళైన కొత్తలో ఆయన వయసు ఇరవై నాలుగు. భార్య పేరు అంజమ్మ అని రాస్తే ఆఫీసులో తోటి గుమాస్తాలు నవ్వుతారని, తన చేత్తోనే రికార్డులో అంజలీదేవి అని రాసుకున్నారు. ఆధార్ మీద, బ్యాంకులో, రేషన్ కార్డులో అంతటా అంజమ్మే. ఆయన పోతే భార్యకు రావలసిన పింఛను, అసలు లేనే లేని అంజలీదేవి పేరున వస్తుంది. ఎన్నో ఏళ్ళుగా సరిచేయిద్దామని అనుకుంటూనే, ఆ సంగతి ఆమెకు చెప్పలేక వాయిదా వేశారు.

"అందరివి జేసిన. ఇంట్లది వదిలిపెట్టిన," అన్నారు. ఊళ్ళో అందరి కాగితాలూ సరిచేసిన మనిషి ఆ మాట చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. పోచమ్మ పేరు దాచుకుని పెరిగిన నాకు, ఆ ఇరవై నాలుగేళ్ళ గుమాస్తా మీద కోపం రాలేదు. ఆయన నన్ను రేకుల గదిలో మొదటి రోజు చూసినప్పుడు తల దించుకున్న పిల్లలో ఏం చూశారో అప్పుడు అర్థమైనట్టనిపించింది.

అత్తమ్మ టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి అంతా విన్నది. గ్లాసులు కింద పెట్టి, మంచం కోడు పట్టుకుని కూర్చుంది.

"నలభై ఏండ్ల సంది నాకు తెల్వకుండ సవతిని తెచ్చి పెట్టుకున్నవా?" అంది.

ఆయన మూతి ఒక పక్కకే నవ్వింది. ఆమె నవ్వలేదు. "గంత నామోషీ అయ్యిందా నా పేరు?" అని అడిగింది. ఆయన ఎడమ చేయి చాపారు గానీ ఆమె అందుకోలేదు. లేచి లోపలికి వెళ్ళి ఆధార్ కార్డు తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. "సక్కగ రాయి బిడ్డా" అంది. ఆయన ఒక్కొక్క అక్షరం చెబుతుంటే నేను రాశాను. తప్పు ఎలా జరిగిందని అడిగే గడిలో, పొరపాటున అని రాయబోయాను. ఆయన ఆపారు. "పొరపాటు గాదు. నేనే రాసిన. అట్లనే రాయి." అలాగే రాశాను. ఎడమ చేత్తో వంకరటింకరగా సంతకం పెట్టారు. నేను లేచేటప్పటికి అత్తమ్మ ఆయన తలగడ సర్దుతోంది.

ఆయన ఆ తర్వాత రెండు నెలలు ఉన్నారు. పేరు సరిచేసినట్టు ఉత్తరం పెద్దకర్మ అయిన వారానికి వచ్చింది. అత్తమ్మ కబురు పెడితే వెళ్ళి చదివి వినిపించాను. హవల్దార్ సత్తయ్య భార్య అంజమ్మ. ఆమె మళ్ళీ చదవమంది. చదివాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుని, ఆ పూట నన్ను అన్నం తినకుండా కదలనీయలేదు.

ఇప్పుడు ఆ రేకుల గది లేదు, ఆ సందులో మొబైల్ దుకాణాలు వచ్చాయి. సైనికుల కుటుంబాలు రెండో శనివారం మా ఇంటికే వస్తాయి. ఎక్కువగా తల్లులు, ఆడపిల్లలు. ఎన్ని రోజులు పడుతుందని మొదటే అడుగుతారు. అయిపోతుందని చెప్పాలనే ఉంటుంది, ఆ మాటతో వాళ్ళ ముఖాలు ఎలా తేలికపడతాయో నాకు తెలుసు. చెప్పను. ఒక్కోసారి ఏడాది పోవచ్చునని చెబుతాను. కొందరు లేచి వెళ్ళిపోతారు. పోయిన నెల ఒక పిల్ల వెళ్ళిపోతూ గుమ్మం దగ్గర ఆగి, "మీకేం మేడం, మీ సీటు మీకొచ్చింది" అంది. నిజమేనన్నాను. కుర్చీ ఆమె వైపు జరిపాను. ఆమె కొంచెంసేపు నిలబడి, వచ్చి కూర్చుంది.